గులాం నబీ నాలుగో లైను

మొఘల్‌పురాలో గులాం నబీ గారిని ఎరగనివాళ్లు ఒకరిద్దరు ఉంటారేమో గానీ, ఆయన "అందిందా?" అని అడగని మనిషి మాత్రం లేడు. పాలవాడు పాలు పోసి వెళ్తుంటే వెనక్కి పిలిచి, అన్ని ఇళ్లకూ అందిందా అని అడుగుతారు. నల్లా వస్తే మూడో అంతస్తు దాకా వినబడేలా అందిందా అంటారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, మత్తు సూది వేశాక నోరు తిరగని స్థితిలో కూడా, పక్క కుర్చీలో ఉన్న ముసలాయన్ను చూపించి ఆయనకు సూది అందిందా అని డాక్టర్ని అడిగారట. ఈ సంగతి ఆయన భార్య బిల్కీస్ బేగం ఒట్టేసి మరీ చెబుతుంది.

అడగడంతో ఆగితే ఫరవాలేదు. జవాబు నమ్మరు, అదీ అసలు బాధ. అందింది అన్నామా, మెట్లెక్కి వచ్చి స్వయంగా చూసుకుంటారు. మోకాళ్లు నొప్పులని ఉదయం నుంచి మూలిగే మనిషికి ఆ సమయంలో మోకాళ్లు ఎక్కడికి పోతాయో ఎవరికీ అంతుపట్టదు.

ఇది ఆయన వృత్తి మిగిల్చిన అలవాటు. నలభై ఏళ్లు పాతబస్తీ పెళ్లి దావత్‌లలో వడ్డన చూశారు. వంట ఆయన చేయరు, గరిటె కూడా పట్టరు. జనం బారుగా కూర్చుని తినే పొడవాటి దస్తర్‌ఖాన్ గుడ్డ కొసన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. వెయ్యి మంది తింటున్నా, ఏ మూలన ఎవరికి ముక్క పడలేదో వాళ్ల వీపు చూసి చెప్పగలరు. మొహమాటస్తుడు ఎన్నడూ అడగడని, అందని వాళ్లే ముందుగా అందింది అంటారని ఆయన నమ్మకం.

మోకాళ్లు మొరాయించి ఆ పని మానేశాక ఇంట్లో కూర్చున్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. పూటకు నలభై సార్లు కూర అందిందా అని అడిగించుకుని బిల్కీస్ బేగం ప్రాణం విసిగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటికి నెట్టు కష్టాలు మొదలయ్యాయి, ఆమె కష్టాలు తీరాయి.

అది మూడంతస్తుల పాత ఇల్లు. గచ్చు గోడలు రెండడుగుల మందం. లోపలికి వస్తే ఏ ఫోనుకూ సిగ్నల్ ఉండదు. అద్దెకున్నవాళ్లతో కలిపి ఐదు కుటుంబాలకూ ఒకటే కేబుల్ లైను. అదీ వీధిలోకి ఎత్తుగా సరుకేసిన బండి వస్తే తెగిపోయేది. చార్మినార్ దగ్గర ఓ దుకాణదారు ఆయనకు కొత్త పెట్టె సంగతి చెప్పాడు. ఒక కేబుల్ లైనూ మూడు సిమ్ములూ ఒకేసారి పెట్టుకుని, అన్నిటినీ కలిపి ఇల్లంతా వైఫై పంచే రౌటరు అది. గులాం నబీ గారికి మిగతా ఏమీ చెవికెక్కలేదు. నాలుగు దేగులు, అంటే నాలుగు బిర్యానీ గుండిగలు, ఒక దస్తర్‌ఖాన్ అని మాత్రం అర్థమైంది. సాయంత్రానికి పెట్టె ఇంట్లో ఉంది.

రెండో అంతస్తులో అద్దెకుండే నందకిశోర్‌ది ఈ రౌటర్ల పనే. హైటెక్ సిటీలో ఓ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజినీరు, ఒంటరిగా ఉంటాడు. వారం తర్వాత గులాం నబీ చాచా పిలిస్తే, నవ్వు కడుపులో దాచుకుని మేడ మీదికి వెళ్లాడు. వాన పడకుండా పైన బోర్లించిన ప్లాస్టిక్ తొట్టి, కింద పెట్టె, దానికి యాంటెన్నాలు. పై అంతస్తు శారదమ్మ దిష్టి తగలకుండా కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ, బిల్కీస్ బేగం కట్టిన తావీజూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. నవ్వు బయటికి రాబోయింది. అప్పుడు గులాం నబీ గారు తన ట్యాబ్‌లో రౌటరు పేజీ తెరిచి చూపించారు. నందకిశోర్‌కు నవ్వు సంగతే గుర్తులేదు.

కేబుల్ లైను పేరు పెద్ద దేగ్. రెండు సిమ్ములకూ రెండో దేగ్, మూడో దేగ్ అని పేర్లు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ ఒక వరుసలో, పక్కన యజమాని పేరు, ఆ పక్కన చిన్న రాత. అందరికీ మొదటి వడ్డన పడేదాకా ఎవరికీ మారు వడ్డన లేదు. శారదమ్మ పొద్దుటి భజనకు మధ్యలో ఆటంకం రాకూడదు. కింది అంతస్తులో గాజుల వ్యాపారం చేసే తబ్రేజ్ సినిమాలు దింపుకుంటాడు కాబట్టి, అతనికి మారు వడ్డన అందరి తర్వాతే. ఐదు సెకన్లకోసారి రౌటరు ప్రతి లైన్నీ పలకరిస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే ఆ లైను మీదున్న వాళ్లను మరో లైను మీదికి మారుస్తుంది.

"సిగ్నల్ గీతలు నిండుగ ఉన్నా కూడ మారుస్తదా చాచా?" అన్నాడు నందకిశోర్.

"గీతలదేముంది బేటా. దేగు మీద మూత గూడ నిండుగనే కనవడ్తది. జవాబు రావాలె."

ఇదే మాట తేల్చడానికి తన ఆఫీసులో ముగ్గురు పెద్ద ఇంజినీర్లు రెండు నెలలు మీటింగులు పెట్టారు. చివరికి తేలింది కూడా ఇదే. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, వెయ్యి మందిని చూసినోనికి ఐదు ఇండ్లెంత అన్నారు ఆయన. ఆ రోజు నుంచి నందకిశోర్ మేడ మెట్లు ఎక్కేటప్పుడు చెప్పులు కిందే విడిచేవాడు. ఎందుకు విడుస్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు.

ఇక పెద్దాయన రాజ్యం మొదలైంది. తబ్రేజ్ సినిమా దింపుతుంటే తలుపు కొట్టి, సినిమా అందిందా అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఇంకా కొంచెం ఉంది నబీ భాయ్ అంటే, పైన అక్క భజన ఆగింది, జర చెయ్యి ఆపు అనేవారు. ముప్పై అయిదేళ్ల తబ్రేజ్, పెళ్లిలో రెండో ముక్కకు చెయ్యి చాచి దొరికిపోయినవాడిలా తల వంచుకుని ఫోను పక్కన పెట్టేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, నాలుగో లైను దగ్గరే నందకిశోర్‌కు మనసు ఒప్పలేదు. అదొక సిమ్ము. వీధిలో ఎవరి దగ్గరా లేని కంపెనీది. దాని మీద బొమ్మ తెరుచుకునే లోపల చాయ్ తాగి రావచ్చు. దానికి ఎవరినీ అప్పగించలేదు, ఊరికే వెలుగుతూ ఉంటుంది. పేరు మాత్రం గొప్పగా మెహమాన్, అంటే అతిథి. ఒకరోజు ఉండబట్టలేక నందకిశోర్ దాన్ని ఆపేశాడు. అరగంటలో అది మళ్లీ వెలిగింది.

"దావత్‌ల మెల్లగ తినేటోన్ని లేపరు బేటా," అన్నారు గులాం నబీ గారు. అంతకుమించి వాదించలేదు.

జూన్‌లో నందకిశోర్ ఉద్యోగం పోయింది. కంపెనీ ఓ ఇరవై మందిని ఒకే మెయిల్‌తో పంపేసింది, లాప్‌టాప్ వెనక్కి తీసుకుంది. అతను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇంటి నుంచే పని అని వీధిలో అందరికీ అబద్ధం చెప్పాడు. మరునాడే మెట్ల మీద గులాం నబీ గారు ఎదురై, ఆఫీసులో అంతా అందుతుందా అని అడిగారు. అందుతుంది చాచా అన్నాడు. ఆయన ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, సరే అని వెళ్లిపోయారు. నమ్మారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకరి మాట నమ్మారని, ముసలితనం వచ్చేసిందని నందకిశోర్ జాలిపడ్డాడు.

ఆ రోజు నుంచి యాంటెన్నా తిప్పాలనో, తొట్టి జరిగిందనో పెద్దాయన అతన్ని రోజూ మధ్యాహ్నం మేడ మీదికి పిలిచేవారు. పని అయిదు నిమిషాలుండేది. ఆ తర్వాత ఉప్పు చూడమంటూ బిల్కీస్ బేగం ఒక పళ్లెం పంపేది. ఉప్పు చూడటానికి అంత పెద్ద పళ్లెం ఎందుకో అతను ఆలోచించలేదు. ఆకలి మీద ఉన్నవాడు ఎవడు ఆలోచిస్తాడు?

నెలన్నర తిరిగాక పుణెలో ఒక కంపెనీ ఆఖరి ఇంటర్వ్యూకు పిలిచింది. వీడియోలోనే, సోమవారం మూడు గంటలకు. ఆ రోజు మూడింటికి ఆఫీసు మీటింగుంది, పైకి రాలేనని చాచాకు ముందే చెప్పుకున్నాడు. ఇది కూడా తప్పితే గది ఖాళీ చేసి ఊరికి పోవడమే. కానీ ఆ సోమవారం లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపు. పుణె వాళ్లకు ఆ సంగతేం తెలుసు? దారులన్నీ మూసేశారు, వేరే చోటికి పోయే వీలు లేదు. అయినా మూడు మంచి లైన్లున్నాయి కదా అని అతని ధైర్యం. పొద్దున్నే తన ఫోన్లోనే రౌటరు పేజీ తెరిచి, ముందుజాగ్రత్తగా మెహమాన్‌ను మళ్లీ ఆపేశాడు. ఇవాళ ఒక్క క్షణం కూడా నత్తనడక వద్దనుకున్నాడు.

మూడు గంటలకు ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా మొదలైంది. మూడూ ఏడుకు డప్పుల మోత వీధి చివరికి వచ్చింది. ఫలహారం బండి పైఅలంకారానికి అడ్డమొచ్చిన తీగలను ఎవరో కర్రతో పైకెత్తారు. పెద్ద దేగ్ తెగింది. రెండో దేగ్, మూడో దేగ్ గీతలు నిండుగా చూపిస్తున్నాయి, జవాబు లేదు. వీధి నిండా ఎన్ని వేల మంది ఉన్నారో అన్ని ఫోన్లూ పైకి లేచి వీడియోలు పంపుతున్నాయి, టవర్లకు ఊపిరాడటం లేదు. తెర మీద పుణె ఆఫీసరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే బిగుసుకుపోయాడు. నందకిశోర్ కుర్చీలో చెమటలు పట్టి కూర్చున్నాడు. పొద్దున మెహమాన్‌ను తనే ఆపేసిన సంగతి గుర్తొచ్చింది.

పదిహేను సెకన్లయింది. బొమ్మ పోయింది, మాట వచ్చింది. నెమ్మదిగా, కానీ స్పష్టంగా.

వినిపిస్తోందా అని అడిగారు అవతలివాళ్లు. వినిపిస్తోంది సార్ అన్నాడు. అయితే దీన్నే ప్రశ్న అనుకోండి, పెద్ద లైన్లన్నీ ఒకేసారి పడిపోతే మీరేం చేస్తారు అన్నారు. నందకిశోర్ ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పాడు. గీతలు కాదు జవాబు చూడాలన్నాడు. అందరికీ మొదటి వడ్డన పడ్డాకే మారు వడ్డన అన్నాడు. గుంపు వాడే లైన్లు గుంపుతోనే మునుగుతాయి, ఎవరూ కోరని లైను ఒకటి ఎప్పుడూ కూర్చోబెట్టి ఉంచాలన్నాడు. చెబుతున్నకొద్దీ అది తన మాట కాదని తెలుస్తూనే ఉంది.

ముగియగానే మేడ మీదికి పరుగెత్తాడు. గులాం నబీ గారు పెట్టె పక్కన స్టూలు వేసుకుని, ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని కూర్చున్నారు. మూడింటి నుంచి వైఫై కట్టేసుకొమ్మని మిగతా ఇళ్ల తలుపులన్నీ తట్టి వచ్చారట. తబ్రేజ్ కూడా మారు మాట్లాడకుండా కట్టేశాడట. పేజీలో ఒకే ఒక్క లైను పచ్చగా వెలుగుతోంది, మెహమాన్. దానికి ఒకే ఒక్క పేరు అప్పగించి ఉంది.

"పొద్దున నువ్వు లేపినవ్. నేను మల్ల కూసోబెట్టిన," అన్నారాయన తాపీగా.

నందకిశోర్ ఆ వరుస దగ్గరికి వంగి చూశాడు. తన పేరు పక్కన జూన్ తేదీ ఉంది. అతని ఆఫీసు లాప్‌టాప్ ఆరిపోయిన మరునాటిది. ఆ పక్కన చిన్న రాత: ఇంకా అందలే.

"మీకు అప్పుడే తెలుసా చాచా?"

"కంపెనీ కంప్యూటర్ పోయింది, మనిషేమో పగలంత ఇంట్లనే ఉన్నడు. ఖాళీ పళ్లెం ముందట కూసొని అందింది అనేటోళ్లను నలభై ఏండ్లు చూసిన. అడిగితె ఇజ్జత్ పోతదని అడగలే."

నందకిశోర్‌కు మెట్ల మీది ఆ రోజు గుర్తొచ్చింది. ఇంత పెద్ద మనిషిని చూసి తను జాలిపడ్డాడు!

పది రోజులకు ఉద్యోగం ఖాయమైంది, అదీ ఆ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులోనే. పరుగున వెళ్లి, అందింది చాచా అన్నాడు. పెద్దాయన నమ్మలేదు. ఫోను లాక్కుని, కంపెనీ పంపిన ఉత్తరం మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివించుకుని, అప్పుడు అతని పేరు పక్కన రాత చెరిపేశారు.

అప్పుడు నందకిశోర్‌కు ఓ అనుమానం వచ్చింది.

"మీకు అందిందా చాచా?"

గులాం నబీ గారు కొయ్యబారిపోయారు. నలభై ఏళ్లలో ఆయన్ని ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. తేరుకుని, అందింది అందింది అన్నారు, కాస్త తొందరగా. నందకిశోర్ నమ్మలేదు. ఎక్కడ చూడాలో అతనికి ఇప్పుడు తెలుసు. ట్యాబ్ అందుకుని వరుస కిందిదాకా జరిపాడు. శారదమ్మ, తబ్రేజ్, బిల్కీస్ బేగం, అందరి కిందా అట్టడుగున గులాం నబీ ట్యాబ్. మొదటి వడ్డన కూడా అందరూ లేచాకే. అతను దాన్ని వేలితో పట్టి అన్నిటికన్నా పైకి చేర్చాడు. పెద్దాయన సిగ్గుతో ఎర్రబడి, గిదేంది బేటా, వడ్డించేటోడు ముందుగాల తింటడా అని గొణిగారు.

మర్నాడు పొద్దున చూస్తే అది మళ్లీ అట్టడుగున ఉంది. నందకిశోర్ పైకి చేర్చాడు. మధ్యాహ్నానికి కిందికి వచ్చింది. ఈ లొల్లి ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఇద్దరిలో ఎవరూ దాని గురించి పైకి మాట్లాడరు. ఆదివారం మాత్రం నందకిశోర్‌కు సెలవు కాబట్టి, ఆ ఒక్కరోజు గులాం నబీ గారికి సాయంత్రం దాకా మొదటి వడ్డన అందుతుంది.