మూడోసారి వచ్చిన డోరు

షెడ్డులో అందరూ ఆయన్ను చెవి డాక్టరు అంటారు. కార్ల పవర్ విండోలు బాగుచేయడం ఆయన పని, ముప్పయ్యేళ్లుగా అదొక్కటే. అద్దం దిగిపోయి ఎక్కడం లేదని కారు వస్తే ఆయన ముందు స్క్రూడ్రైవరు తీయడు. స్విచ్చు నొక్కి డోరుకి చెవి ఆనిస్తాడు. మోటారు గిర్రున తిరుగుతూ అద్దం కదలకపోతే కేబులు తెగినట్టు. టిక్కుమని ఆగిపోతే మోటారు పట్టేసినట్టు, లేదా దానికి కరెంటు చాలనట్టు. అసలు చప్పుడే లేకపోతే స్విచ్చో, ఫ్యూజో, వైరో. ప్యానెలు విప్పకముందే రోగం చెప్పేసేవాడు. వైరులో కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపు పట్టుకు తిరిగే మెకానిక్కుల్ని చూస్తే, "దీపం పెట్టి వెతకడానికి అదేమన్నా పోయిన ఉంగరమా?" అని వెక్కిరించేవాడు.

రెండేళ్లుగా ఆ ల్యాంపు ఆయన జేబులోనే ఉంటోంది. చెవులు పోతున్నాయి.

సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. "మన టీవీ ఇంత గట్టిగా మోగుతుంటే పక్కింటివాళ్లకి ఇంకోటెందుకు? వాళ్లది అమ్మేసుకోవచ్చు" అంటూ ఆవిడ చెవి మిషను మాట ఎత్తేది. "అది తగిలించుకుని వెళితే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. నాకు వేరే పనేం వచ్చు?" అనేవాడు. ఎవరైనా పిలిచినప్పుడు పలక్కపోతే చెప్పడానికి సాకు ఒకటి సిద్ధంగా ఉండేది. షెడ్డు మూలన రోజంతా మోగే కంప్రెసరు. "ఈ మోతలో ఎవరికి వినపడుతుంది?" మోత నిజమే కాబట్టి అబద్ధం చెల్లిపోయింది.

ఒక ఇంద్రియం పోతే మిగతావి పదునెక్కుతాయని చెప్పి ఓదార్చేవాళ్లుంటారు. వాళ్లెవరూ డోరు మీద అరచెయ్యి ఆనించి మోటారు టిక్కు కోసం వెతుక్కుని ఉండరు. ఆయన అరచేతికి తెలిసేదల్లా కంప్రెసరు అదురు.

అలాంటి సమయంలో వచ్చింది, డ్రైవింగ్ నేర్పే టీచరమ్మ కారు. డ్రైవరు వైపు అద్దం కిందే ఉండిపోయింది. ల్యాంపు పెట్టి చూస్తే వెలిగింది. కరెంటు వస్తోంది కదా, తప్పు మోటారుదేనని మోటారు మార్చాడు. అద్దం ఎక్కింది. రెండ్రోజులకు కారు తిరిగొచ్చింది. స్విచ్చు మార్చాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది.

"ఏమయ్యా డాక్టరూ, ఈ అద్దానికి ఇది మూడో పెళ్లి. ఈసారన్నా కాపురం చేస్తుందా?" అంది టీచరమ్మ. "నిన్నటి వానకి నా స్టూడెంటు ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గొడుగు!"

షెడ్డు ఓనరు నవ్వలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు కాబట్టి ఆయనకు ప్రతి మాటా పెదవుల మీద కనిపించింది.

"బాబాయ్, పెద్దవాడివని ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఈ డోరు ఇంకోసారి వెనక్కొచ్చిందా, నువ్వు రేపట్నుంచి రావద్దు."

ప్యానెలు విప్పాడు. ల్యాంపు వెలిగింది. మోటారు తిరగలేదు. ఒక్కో వైరుకీ ల్యాంపు పెట్టి మళ్లీ చూశాడు. మళ్లీ వెలిగింది. ఎంత చూసినా ల్యాంపు ఒకటే చెబుతోంది: కరెంటు ఉంది. అలాంటప్పుడు కొత్త మోటారు ఎందుకు తిరగదు? మధ్యాహ్నం భార్య అన్నం బాక్సు తెచ్చేసరికి, ఆయన డోరుకి నుదురు ఆనించి కూర్చుని ఉన్నాడు.

"ముందు తినండి."

"ఇలా రా. స్విచ్చు నొక్కి పట్టుకుని డోరుకి చెవి పెట్టు."

"నేనా? గ్రీజంటుతుంది."

"అంటనీ. టిక్కుమన్నప్పుడల్లా వేలెత్తు. గట్టిగా చెప్పకు."

ఆవిడ ఆయన మొహం చూసింది. చెవి ఆనించింది. ఆయన డోరును జానెడు జానెడు చొప్పున తెరిచాడు. వేలు లేవలేదు. సగానికి వచ్చేసరికి లేచింది. ఇంకాస్త తెరిస్తే వాలింది. వెనక్కి మూస్తుంటే అదే చోట మళ్లీ లేచింది.

డోరు కదిలితే చప్పుడు మారుతోందంటే రోగం డోరులో లేదు. డోరుకీ బాడీకీ మధ్య, వైర్లు దూరిన నల్ల రబ్బరు గొట్టంలో ఉంది. గొట్టం వెనక్కి లాగాడు. ఒక వైరు పైకి బాగానే ఉంది గానీ వేలితో వంచితే మెత్తగా మడతపడింది. తొడుగు చీల్చాడు. లోపల రాగి అంతా తెగి ఒక్క పోగు మిగిలింది. ఆ పోగు ల్యాంపును వెలిగించగలదు; మోటారును తిప్పలేదు. తెగిన చివరలు తగులుకున్నప్పుడు అద్దం ఎక్కింది, విడిపోగానే ఆగింది. పాత చెవులైతే మొదటిరోజే పట్టేసేవి.

కొత్త వైరు అతికించి, టంకం పెట్టి, ప్యానెలు బిగించాడు. స్విచ్చు నొక్కాడు. అద్దం అంచుదాకా ఎక్కింది.

"సాధించావు బాబాయ్!" అన్నాడు ఓనరు వెనకనుంచి.

ఆయన స్విచ్చు నొక్కుతూనే ఉన్నాడు.

"బాబాయ్!"

"మోత కదా బాబూ, వినపడలేదు" అంది భార్య గబగబా. ఆవిడ చెవి చుట్టూ గ్రీజు గుండ్రంగా అంటుకుని ఉంది. ఓనరు ఆ చెవిని చూశాడు, ఆయన్ను చూశాడు. మూలకు వెళ్లి కంప్రెసరు ఆపేశాడు.

"బాబాయ్" అని ఇంట్లో పిలిచినంత గొంతుతో పిలిచాడు.

పక్క కారుకి రంగు వేస్తున్న పెయింటరు తిరిగి చూశాడు. కారు కోసం కూర్చున్న టీచరమ్మ తిరిగి చూసింది.

"చూశావా, ఇంక తిరిగి రాదు!" అని ఆయన భార్యతో, మోతలోనూ వినపడాలని, గొంతెత్తి అరిచాడు. అరిచి, డోరు మీద చెయ్యి వేశాడు.

అరచేతి కింద కంప్రెసరు అదురు లేదు.

మెల్లగా తలెత్తాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.