కొత్త కారుకు బొట్లు

మా ఇంటి మొదటి కారు మాట్లాడేది. తాళం తిప్పితే దగ్గేది, గేరు మారిస్తే గొణిగేది. బాలానగర్ షెడ్డులో నాలుగు సుత్తి దెబ్బలు వేయిస్తే మళ్ళీ దారికొచ్చేది. మొన్న శుక్రవారం పొద్దున మా అబ్బాయి కొత్తగూడలోని మా అపార్టుమెంటు సెల్లారులోకి కరెంటు కారు తెచ్చాడు. పెట్రోలు వద్దట, ఫోనులాగా ప్లగ్గు పెడితే చాలట. ఆ ఒక్క మాట నాకు నచ్చింది.

పూజ నేనే చేశాను. చక్రాల కిందికి కోడలు తాజా నిమ్మకాయలు తీయబోతే కసిరి, ఫ్రిజ్జులో ఎండిపోయినవి తెప్పించాను. తొక్కే కాయకు రసమెందుకు? ముందు బంపరు మీద వరుసగా గుండ్రటి బిళ్ళలున్నాయి. బొట్లకోసమే పెట్టారు కాబోలు, కారు చేసినవాళ్ళకు భక్తి ఉందని సంతోషించాను. ఒక్కో బిళ్ళ మీద పసుపు ముద్ద మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాను.

రాహుకాలం రాకముందే కారు నిమ్మకాయలు తొక్కి బయటపడాలి. లేదంటే నేను ఎక్కను, ఎవరినీ ఎక్కనివ్వను. యాదగిరిగుట్ట ప్రయాణం ఆగిపోతుంది. మా అబ్బాయికి మళ్ళీ సెలవు దొరకదు.

కారు కొంచెం కదిలి, కీచుకీచుమని ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది.

"ముందట ఏదో అడ్డమున్నదంటున్నదమ్మా," అన్నాడు మా అబ్బాయి.

"నేనే ఉన్న. గింత పెద్ద కారు నన్ను చూసి భయపడుతదా?"

"మేమందరం భయపడుతలేమా అత్తమ్మా," అంది కోడలు.

పక్కకు జరిగాను. అయినా అదే వరస.

"దిగురా, తోద్దాం."

"ఇది తోసే కారు గాదమ్మా!"

కోడలు షోరూముకు ఫోను చేసింది. మాట్లాడుతూనే బంపరు వైపు, తర్వాత నా చేతిలోని పసుపు గిన్నె వైపు చూసింది.

"అత్తమ్మా, ఆ బిళ్ళలు కారు కండ్లంట. బొట్లు జర తుడుద్దమా?"

"కొత్త బండికి పెట్టిన బొట్టు తుడుస్తరా? నోరు కడుక్కో."

"ఇగ రాహుకాలమొస్తదమ్మా," అని మా అబ్బాయి పరేషాన్ అయ్యాడు.

ఆలోచించాను. తుడవడం తప్పు. జరగడం తప్పు కాదు. చెమటకు నా బొట్టు రోజూ జరుగుతూనే ఉంటుంది. వంగి, ఒక్కో బొట్టును బొటనవేలితో పక్కకు జరిపాను. బిళ్ళల మీద మిగిలిన తడిని కొంగుకు అంటించుకున్నాను. అదీ తుడవడం కాదు.

కారు కిక్కురుమనకుండా నిమ్మకాయల మీదుగా వెళ్ళిపోయింది. రాహుకాలం ఇంకా రాలేదు.

దారిలో మా అబ్బాయి, ముందుముందు మనిషి లేకుండా నడిచే కార్లొస్తాయన్నాడు.

"రానియ్యి. బొట్టు యాడ పెట్టాల్నో ముందుగాల అడిగి కొను," అన్నాను.