ఎదురింటి వైపు గోడ

నా చిన్నప్పుడు చోడవరం దగ్గర మా ఊళ్ళో గడ్డి కప్పిన చుట్టిళ్ళు చాలానే ఉండేవి. మాది అన్నిటికన్నా పాతది, మా నాయనమ్మకు ఆవిడ అత్తగారు అప్పగించినది. గుండ్రటి మట్టిగోడ, మోకాలెత్తుకు దిగిన చూరు. ఎండాకాలం లోపలికి వెళితే కుండలోకి దిగినంత చల్లగా ఉండేది.

ఎదురింటాయనకు చెరకు బళ్ళు తిప్పుకోవడానికి ఆ స్థలం కావలసివచ్చింది. నాయనమ్మ ఇవ్వనంది. ఒక మధ్యాహ్నం మేమంతా పొలంలో ఉండగా ఇల్లు అంటుకుంది. చూరు కింద కట్టేసిన లేగదూడ కాలిపోయింది. నేను ముద్దలు పెట్టి పెంచుకున్న దూడ. ఆయన నిప్పు పెట్టడం చూసినవాళ్ళు మా చెవిలో చెప్పారు గాని, పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు నేను పక్కింటి అగ్గిపెట్టె తీసుకుని ఆయన గడ్డివాము దగ్గరికి వెళ్ళాను. పుల్ల గీయబోతుంటే నాయనమ్మ వెనకనుంచి చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను.

"ఒసే గుంటా, గడ్డివాము ఒక్క పూటలో కాలిపోతాది. ఆడు రోజూ కాలాలి. సూస్తా ఉండు," అంది.

ఊరంతా తలో చెయ్యీ వేసి కొత్త గడ్డి కప్పారు. ఎదురింటి వైపు మాత్రం చూరు బాగా ఎత్తుగా కత్తిరించమంది నాయనమ్మ. మిగతా గోడంతా ఎర్రమట్టితో అలికి, ఆ వైపు మసిని ముట్టుకోలేదు. ఆయన తలుపు తీస్తే ఎదురుగా అదే. ఆయనింటికి వచ్చిన చుట్టాలు "అదేటి, గోడ అలాగుంది?" అనేవారు. "మీవోణ్ణే అడగండి బాబూ," అనేది నాయనమ్మ, అంతే. ఆయన ముందు తలుపు మూసేసి పెరటిదారిన తిరగడం మొదలుపెట్టాడు. ఆయన చిక్కిపోతుంటే నాకు అన్నం ఒంటపట్టేది.

కూతురికి పెళ్ళిచూపులు దగ్గర పడ్డాక ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు.

"ఆ గోడ అలికియ్యి వదినా, నీ కాళ్ళట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు? ఊరోళ్ళు ఇనేటట్టు సెప్పు."

ఆయన వీధిలో నిలబడ్డాడు. "నేనే అంటించేను. దూడుందని తెలీదు," అన్నాడు తల ఎత్తకుండా.

నాయనమ్మ లోపలికెళ్ళి మట్టి కలిపి, సాయంత్రానికల్లా గోడ అలికేసింది. ఆవిడకు అంతటితో సరిపోయింది. నాకు సరిపోలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో మిగిలిన చుట్టిల్లు మాదొక్కటే. విశాఖపట్నం నుంచి పిల్లలు ఫోన్లతో ఫోటోలు తీసుకోవడానికి వస్తుంటారు. ఇంత అందమైన ఇల్లు ఎవరు కట్టారమ్మా అని అడుగుతారు. చెబుతాను. ఎవరు కాల్చారో కూడా చెబుతాను, పేరుతో సహా.