దేవుడి గూట్లో ఫిర్యాదు కాగితం

మా చిలకలగూడ ఇంటి మేడ మీద రేకుల గదిలో విజయనగరం అమ్మాయి అద్దెకుండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఉద్యోగం పక్కా అవుతుందో లేదో సోమవారం తేలాలి. రేకుల వేడికి పాడవుతుందని కంప్యూటర్‌ను మా ముందుగదిలోనే పెట్టించాను.

ఆమె పనంతా ఒక చీటీ మీద నడిచేది. మేక్‌ఫైల్ అంటారట. ఏ ముక్క తర్వాత ఏ ముక్క చేసి ప్రోగ్రాం తయారు చేయాలో కంప్యూటర్‌కు రాసిచ్చే చీటీ. మా ఇంట్లో బుద్ధిగా నడిచేది. ఫ్లాపీలో ఆఫీసుకు తీసుకెళ్తే రెండో వరుసలోనే ఆగిపోయేది. మూడు రోజులుగా ఇదే తంతు.

"పక్క సీట్ల ఎవరు కూసుంటరు బిడ్డా?" అని నేనే అడిగాను.

"బోయిగూడ అతను పిన్నిగారూ. నేను భోజనానికి లేస్తే చాలు, ఇటే చూస్తాడు."

"ఇంకేంది మరి! ఆయనే గెలికిండు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ నెలంతా నాకు అందరూ దొంగల్లాగే కనబడ్డారు. కొత్త పిండి గిర్నీకి జొన్నలు పంపి, చీటీ మీద 'ఎప్పటి లెక్కనే' అని రాయిస్తే పిండి బరకగా వచ్చింది. జొన్నలు మార్చాడని గిర్నీ అతనితో బజారులో కొట్లాడి వచ్చాను.

అమ్మాయి అతని పేరు పెట్టి మేనేజర్‌కు ఫిర్యాదు రాసింది. సోమవారం ఇచ్చేదాకా ఉండనీ అని నేను దానికి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచాను.

ఆదివారం పొద్దున స్కూటర్ ఆగింది. బోయిగూడ అతనేనని అమ్మాయి కిటికీలోంచి చూసి చెప్పింది. తలుపు సగమే తీశాను.

"మేడం ఫైల్ ఇంట్ల ఎట్ల నడుస్తుందో జెర చూస్తనమ్మా. రేపు ఆమెకు తక్లీఫ్ అయితది."

రానిచ్చాను గానీ గూటికి అడ్డంగా నిలబడ్డాను. అతను ఫ్లాపీలో తెచ్చిన ఆఫీసు ఫైల్‌నీ ఇంటి ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఫైల్ ఎవరూ ముట్టలే మేడం. వరుసలు చదివి పని చేసే ప్రోగ్రాం, షెల్ అంటరు, అది వేరే. ఇక్కడిది కొత్తది, రెండు పనులు ఒక్క వరుసల కలిపి రాసినా చేస్తది. ఆఫీసుది పాతది, విడివిడిగా చెప్తేనే చేస్తది."

అమ్మాయి తలెత్తలేదు. నాకు మాత్రం అనుమానం తీరలేదు.

"మరి ఆమె భోజనానికి లేస్తే ఎందుకు చూస్తవ్?"

"ఆమె వెనక గోడకు గడియారం ఉందమ్మా! నాకు సుత ఆకలైతది గద!"

నవ్వు రాలేదు. గిర్నీ గుర్తొచ్చింది. పాత గిర్నీ ముసలాయనకు మా ఇంటి రొట్టెకు పిండి ఎంత మెత్తగా ఉండాలో తెలుసు. 'ఎప్పటి లెక్కనే' అంటే ఈ కొత్తవాడికి ఏం తెలుస్తుంది?

ఆ వరుసను ఇద్దరూ కలిసి విడదీసి రాశారు. అతనికి చాయ్ ఇచ్చాను, గూటి ముందు నుంచి మాత్రం జరగలేదు.

సోమవారం సాయంత్రం అమ్మాయి చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది. "నడిచింది పిన్నిగారూ! ఉద్యోగం ఉంచారు. ఆ కాగితం ఏదీ?"

బొట్టు పెట్టిన కాగితాన్ని చించకూడదు. నీళ్లు కాగే బాయిలర్ మంటలో వేసి, పేరు పూర్తిగా కాలేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

మర్నాడు జొన్నలు నేనే మోసుకెళ్లి, ఎంత మెత్తగా కావాలో గిర్నీ అతనికి నోటితో చెప్పాను. పిండి పట్టేదాకా అక్కడి నుంచి కదిలితే ఒట్టు.