సోమలమ్మ మంద ఇల్లు కదలని రోజులు

బలిఘట్టంలో సోమలమ్మకు మేకలంటే పిచ్చి అని ఎవరైనా అంటే ఆవిడ కాదనదు. భర్త పోయాక చాలాకాలం చెరుకు కొట్టడానికి కూలికెళ్లింది. నడుం మొరాయించడంతో ఒక సూడి మేకను కొనుక్కుంది. అది ఈని, దాని పిల్లలు ఈని, ఇప్పుడు పెరట్లో ఓ చిన్న మంద. అన్నింటికీ పేర్లున్నాయి. పేరు పెట్టి తిడితేగాని ఒక్కటీ పాకలోకి వెళ్లదు.

ఆ శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. ఒక పొద్దున బుజ్జి అనే మేకపిల్ల పల్చటి పేడతో తోకంతా తడిసి, తల్లి దగ్గరికి పోకుండా ఓ మూల నిలబడింది. తడి గడ్డి పడలేదనుకుని సోమలమ్మ వాము నూరి పట్టింది. మర్నాడు మరో రెండు పిల్లలు నీళ్లలా పారుకున్నాయి. ఆ పేడలో నెత్తుటి చార కూడా కనబడింది. సాయంత్రానికి బుజ్జి ఆవిడ ఒళ్లోనే తల వాల్చేసి ప్రాణం వదిలింది.

తెల్లారగానే మిగిలిన రెండింట్లో బాగా నీరసించిన పిల్లను గోనెలో చుట్టి, ఆటో ఎక్కి నర్సీపట్నం పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడి డాక్టరు గౌతమి పేడను పరీక్ష చేసి చూసింది.

"కంటికి కనబడని పురుగమ్మా. తడి నేల మీంచి, నీళ్లలోంచి ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంటుంది. మందిస్తాను. జబ్బు చేసినవాటిని వేరే కట్టు, పాక పొడిగా ఉంచు. తగ్గేదాకా మందను బయటికి తోలకు."

"తోలకపోతే ఏటి తింటాయమ్మా?"

"ఆకు కోసి తెచ్చి వెయ్యాలి మరి."

తిరిగొస్తుంటే సోమలమ్మకు ఇంకో దిగులు పట్టుకుంది. పక్కింటి కామమ్మ మేకలూ అదే కాలవలో నీళ్లు తాగుతాయి. తన మేకలు కామమ్మ జీడిమామిడి మొక్కలు కొరికేసిన దగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా మనసొప్పక వాళ్ల గుమ్మం ముందు నిలబడింది.

బియ్యం చెరుగుతున్న కామమ్మ తలెత్తింది. "ఏటి, మళ్లీ నా మొక్కలు తినేసినాయా?"

"నా మేకలు పారుకుంటన్నాయి. అంటుకునే జబ్బంట. నీవి కాలవకాడికి తోలకు. సెప్పి పోదామని వచ్చినాను."

కామమ్మ చేతిలో చేట ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి తన పాక వైపు నడిచింది.

మర్నాడు సోమలమ్మ నడుం పట్టుకుని పనస కొమ్మను వంచుతుంటే వెనక దబ్బున చప్పుడైంది. దడి అవతల కామమ్మ ఆకు మోపు దించింది.

"ఆ నడుంతో సెట్టెక్కుతావేటి? నాను లోపలికి రాను, జబ్బు నా కాళ్లకంటుకుని మా పాకలోకొస్తాది. ఇక్కడే పడేస్తాను, తీసుకో."

"ఆ మొక్కలు..."

"సిగురేసినాయిలే. ముందు మందు పట్టు, బేగి!"

కామమ్మ రోజూ ఆకు తెచ్చింది. ఆమె భర్త అప్పలకొండ వెదుళ్లు చీల్చి, దడి మీంచి అందించాడు. ఆ బద్దలతో సోమలమ్మ పాకలో నేలకు తగలకుండా ఎత్తుగా తడక పరిచింది. పిల్లలకు మందు పట్టింది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో తాగించింది. ఒక్కోసారి అవి మింగకపోతే తిట్టింది, బతిమాలింది.

ఒక ఉదయం తడక కింద ఊడవబోయి, వంగి చూసి, చీపురు వదిలేసి దడి దగ్గరికి ఉరికింది.

"కామమ్మా! నా మేకపిల్లలు పెంటికలేసినాయే! గట్టిగా, గుండ్రంగా, సెనగల్లాగున్నాయి!"

"దానికి దండోరా ఏటే!" అంటూనే కామమ్మ దడి దాకా పరుగున వచ్చింది.