సగం ధరకు సగం జపాను

ముప్ఫై రూపాయల పుస్తకాన్ని పదిహేనుకు దించినదాన్ని మా వనపర్తిలో నేనొక్కదాన్నే. ఇప్పటికీ ఈ మాట నలుగురిలో గొప్పగానే చెప్పుకుంటాను. (తర్వాత ఏమైందని ఎవరైనా అడిగితే చాయ్ పెట్టే వంకతో లోపలికి పోతాను. మీరు మనవాళ్లు కాబట్టి కూర్చొని చెప్తున్నాను.) అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో కొందరిని ప్రేమ పట్టుకుంటుంది, కొందరిని భక్తి పట్టుకుంటుంది, నన్ను పట్టుకున్నది బేరం. కిరాణా దుకాణంలో పప్పు బస్తాల మీద పెరిగినదాన్ని, ఎవరు ఏ ధర చెప్పినా అందులో సగం నా నోట్లోంచి దానంతటదే వచ్చేది. దవాఖానలో డాక్టరు పది గోళీలు రాస్తే "అయిదుకు తగ్గదా సార్?" అన్నదాన్ని.

అయినా దుకాణంలోనే ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. నాగర్‌కర్నూల్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పే టీచరుగా చేరాను, అదీ తాత్కాలికంగా. "పర్మినెంటు జేస్తే పో, లేకుంటే వచ్చి గల్లా కాడ కూసో. నా మోకాళ్లు నొస్తున్నయి" అన్నాడు నాయిన. బడిలో పెద్ద మేడం "వార్షికోత్సవానికి పిల్లలతోని ఏదన్న కొత్తది చేపియ్యి. చూసినంక మాట్లాడుకుందాం" అన్నది. అంటే నేను బడిలో ఉండేదీ బస్తాల మీద కూర్చునేదీ ఆ ఒక్క సాయంత్రం తేల్చాలి.

సరిగ్గా ఆ వారమే దుకాణంలోని ఖాళీ అట్టపెట్టెలు అమ్మడానికి పాత కాయిదాల చాచా దగ్గరికి పోతే, గుట్టలో ఒక జపాను పుస్తకం కనిపించింది. హైదరాబాదులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిందట. అక్షరం ఒక్కటి అర్థం కాదు గానీ నిండా బొమ్మలు, బాణాలు. అట్ట మీద మడిచిన కాయిదపు కొంగ, దాని తోక పట్టుకున్న రెండు వేళ్లు, రెక్కల పక్కన అవి ఆడుతున్నట్టు చిన్న గీతలు. నచ్చిన వస్తువును మొదటి రోజే కొనకూడదు, కళ్లలో ఆశ కనిపిస్తే ధర పెరుగుతుంది. అందుకని దాన్ని విసుగ్గా పక్కన పడేసి వచ్చాను. మరుసటి రోజు పెద్ద మేడం ముందు మాత్రం ఆగలేకపోయాను. "తోక గుంజితే రెక్కలాడిచ్చే కొంగలు మేడం, జపానువి! ప్రతి పిల్ల చేతిల ఒకటి!" మేడం ఆ మాటను ఆహ్వానపత్రికలో వేయించేసింది.

ఆదివారం చాచా దగ్గర కూర్చున్నాను. ఆయన ముప్ఫై అన్నాడు, నేను పదిహేను అన్నాను. లేచాను, పోయినట్టు పోయాను, వెనక్కి పిలవకపోతే చెప్పుల పట్టీ సరిచేసుకునే నెపంతో ఆగాను.

"పదిహేనుకే కావాల్నా బేటీ?"

"పదిహేనుకే చాచా. పైసా ఎక్కువియ్య."

చాచా అట్టలు కోసే కత్తి తీసి, పుస్తకాన్ని వీపు దగ్గర నిలువునా రెండు ముక్కలు చేసి, మొదటి సగం నా చేతిలో పెట్టాడు. "తీస్కో. పదిహేనుది."

అప్పుడైనా ఇంకో పదిహేను తీయాల్సింది. నాకు మాత్రం గెలిచినట్టే అనిపించింది. చదవరాని పుస్తకం సగమైతేనేం, మొత్తమైతేనేం? ఇంటికొచ్చి టోపీ మడిచాను, పడవ మడిచాను, చేప మడిచాను. కొంగ దగ్గరికొచ్చేసరికి కాయిదం గాలిపటానికి ఎక్కువ, పిట్టకు తక్కువ అన్న ఆకారంలో ఉండగా పేజీ అయిపోయింది. కత్తి సరిగ్గా కొంగ నడుం మీద పడింది. (ఫోనులో చూడొచ్చు గదా అంటారు మీరు. అప్పటి నా బటన్ల ఫోనులో పాము ఆట తప్ప ఏ జీవీ లేదు.)

చాచా దగ్గరికి పరుగెత్తాను. "ఆ సగమా? గద్వాల బస్టాండ్ కాడ బజ్జీలమ్మే పెద్దమ్మ లేదూ, పొట్లాలు కట్టనీకె కిలోల లెక్కన పట్టుకపాయె" అన్నాడు, మొహంలో కొంచెం కూడా నవ్వు లేకుండా.

గద్వాల బస్సెక్కాను. పెద్దమ్మ బజ్జీల బండి దగ్గర కాయిదాల దొంతర ఉంది, అందులో నా జపాను ఉంది. నేరుగా అడిగితే పెద్దమ్మ ధర పెంచుతుందని నా అనుభవం చెప్పింది. అందుకని బజ్జీల మీద మోజు నటించాను. ఒక ప్లేటు, తర్వాత ఇంకో ప్లేటు. ప్రతి పొట్లం విప్పి మిరపకాయ కంటే ముందు కాయిదం చూసేదాన్ని. కొంగ రాలేదు, జపాను వాళ్ల ఇంటి మర్యాదల బొమ్మలు వచ్చాయి. ఒక దాంట్లో గడప దగ్గర విడిచిన చెప్పులు, మళ్లీ బయటికి పోయేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా వాకిలి వైపు తిప్పిపెట్టి ఉన్నాయి. ఒక దాంట్లో ఎవరో ఎవరికో చిన్న పొట్లాన్ని రెండు చేతులతో అందిస్తున్నారు, తీసుకునే మనిషీ రెండు చేతులు చాచి వంగింది. ఆ బొమ్మ దగ్గర మిరపకారం కూడా మరిచిపోయాను. మా దుకాణంలో సరుకు ఒక చేత్తో ఇస్తే రెండో చెయ్యి డబ్బు కోసం చాపి ఉంటుంది. రెండు చేతులూ ఇవ్వడానికే వాడితే ఎట్లా ఉంటుందో అంతవరకు నాకు తట్టలేదు.

నాలుగో ప్లేటుకు కళ్లు, ముక్కు ఒకటయ్యాయి. పెద్దమ్మ గరిటె ఆపింది. "ఏంది బిడ్డా, కడుపు మీద పగ పట్టినవా ఏంది? కాయిదాలల్ల ఏం ఏడుస్తున్నవ్?"

ఏడుస్తూనే చెప్పాను.

"ఓసి పిచ్చిదానా! మొదలే చెప్తే ఊకెనే ఇస్తుంటి గదనే! కాయిదాలకు పైసలు తీస్కుంటనా నేను?" అని దొంతరంతా వెతికిపెట్టింది. కొంగ లేదు. అంతలో ఆమె చూపు వనపర్తి బస్సు వైపు తిరిగింది. "ఆగు. గిప్పుడే గా కండక్టర్ సారుకు గట్లాంటి దాంట్లనే కట్టిచ్చిన."

కదులుతున్న బస్సు పట్టుకున్నాను. కండక్టరు పొట్లం ఒడిలో పెట్టుకొని తింటున్నాడు.

"సార్, జర ఆ కాయిదం..."

"టికెట్ ఎక్కడికమ్మా?"

"వనపర్తికి సార్. ఆ కాయిదం..."

"రెండు బజ్జీలున్నయి. తిననియ్యవా?"

పెబ్బేరు దాటాక ఆయన ఆఖరి ముక్క నోట్లో వేసుకొని కాయిదం ఇచ్చాడు. నేను తెలియకుండానే రెండు చేతులూ చాపి తీసుకున్నాను. కొంగే. కాకపోతే నూనెలో నాని అద్దంలా అయింది, ఇటు బొమ్మలూ అటు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయి. ఏ బాణం ఈ వైపుదో, ఏది ఆ వైపుదో తెల్వదు. నాకు తోచినట్టు మడిచి, పిల్లలకూ అట్లాగే నేర్పాను.

వార్షికోత్సవం నాడు పిల్లలు వరుసగా నిలబడి ఒక్కసారే తోకలు గుంజారు. ఒక్క రెక్క కూడా ఆడలేదు. కొంగలన్నీ మెడలు వంచాయి. మళ్లీ గుంజారు, మళ్లీ వంగాయి. నా గుండె జారి పప్పు బస్తాల మీద పడింది. మేడం నా చెవి దగ్గరికొచ్చి "రెక్కలన్నవ్ గదా?" అన్నది.

"జపానుల పెద్దోళ్లు కనిపిస్తే అందరు వంగి దండం పెడ్తరు మేడం. పిట్టలు గూడ."

మేడం ఏదో అనబోయేలోపు ముందు వరుసలో ఒక తాత లేచి, చేతులు జోడించి కొంగలకు తిరిగి దండం పెట్టాడు. పక్కనున్న అవ్వలూ పెట్టారు. పిల్లలు మళ్లీ గుంజారు. ఆ దండాలు ఎంతసేపు సాగాయో చెప్పలేను. చివరకు మేడం కూడా నవ్వింది. "పర్మినెంటు చేస్త గని, ఇంగ ఏదన్న చెప్పే ముందు జర చేసి చూసుకో" అన్నది.

జపానుకు నేను ఇప్పటికీ పోలేదు. కొంగను సరిగ్గా మడవడం తర్వాత ఫోనులో చూసి నేర్చుకున్నాను, ఇప్పుడు మా బడి పిల్లల చేతుల్లో రెక్కలు బాగానే ఆడతాయి. ఎవరూ లేచి దండం మాత్రం పెట్టరు.

ఇక లెక్క. బేరంలో మిగిలింది పదిహేను. గద్వాలకు రానుపోను బస్సు, నాలుగు ప్లేట్ల బజ్జీలు, మూడు రోజులు కడుపుకు గోళీలు (ఈసారి డాక్టరు రాసినన్నీ కొన్నాను) కలిపితే మూడు వందలకు పైమాటే. అనుభవం, జ్ఞానం అని పేర్లు పెట్టి దీన్ని లాభంలో చూపొచ్చు, మా నాయిన అట్లాంటి లెక్కలు ఒప్పుకోడు. నష్టమే. చేసింది ఆ ఇరవై రెండేళ్ల పిల్ల. ఆమె దగ్గర వసూలు చేయడానికి మనసొప్పక, మొత్తం నేనే కట్టుకున్నాను.