అనంతసాగరం అని రాసిన సీసా

పాములు పగబడతాయంటారు. ఇరవై ఏళ్ళుగా ఆత్మకూరు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను, పగబట్టిన పామును చూడలేదు. పగబట్టింది నేను.

అనంతసాగరం నుంచి షేర్ ఆటో తోలే అన్న ఒకాయన ఉన్నాడు. సీతాఫలాల కోసం ఉదయగిరి కొండకు పోయి, కట్లపామనుకుని ఒకదాన్ని చంపి తెచ్చాడు. ఒంటిమీద కట్లున్నాయి నిజమే. కానీ కట్లపాముకు వెన్ను వెంబడి పెద్ద పొలుసుల వరుస ఉంటుంది, దీనికి లేదు. మెడ మీద పసుపు పట్టీ, నోట్లో ముందు పళ్ళు పొడుగు. ఆ పళ్ళను బట్టే దీన్ని తోడేలు పామన్నారు. విషం లేదు. ఈ పసుపు మెడ రకం మన జిల్లాలో ఉన్నట్టు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పామును ఫార్మలిన్ సీసాలో పెట్టి, మీద 'అనంతసాగరం' అని రాశాను. మా ల్యాబ్‌లో అదే అలవాటు, తెచ్చినవాళ్ళ ఊరు రాస్తే మళ్ళీ కబురు పెట్టడానికి వీలు. దొరికిన చోటు నా నోటుబుక్కులో ఉంటుంది.

సిటీ నుంచి వచ్చిన పాముల పరిశోధకుడు ఒకాయన రెండు రోజుల్లో ఇస్తానని సీసా పట్టుకుపోయాడు. ఏడాదికి ఆ పాము మీద ఆయన వ్యాసం అచ్చయింది. సొమ్మొకడిది, సోకొకడిది. నా పేరు ఎక్కడా లేదు. మ్యాపులో చుక్క మాత్రం అనంతసాగరం వరిపొలాల్లో పెట్టాడు. చూసి కడుపుబ్బా నవ్వుకున్నాను.

తర్వాత ఆయన శిష్యులను వెంటేసుకుని మూడుసార్లు వచ్చి, ఆ గట్లన్నీ వెతికాడు. "ఒక్కటీ దొరకలేదు మేడమ్" అన్నాడు, బురద కాళ్ళతో మా స్టాఫ్ రూములో కూర్చుని. టీ ఇప్పించాను. నిజం చెప్పలేదు. ఆ టీ నాకు ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

పోతూ పోతూ ఆయన అనంతసాగరంలో ఆ పాము ఫొటో చూపించి, ఇది మీ ఊరి పాము, విషం లేదు, చంపొద్దని చెప్పి పోయాడట. అది నాకు అప్పటికి తెలియదు.

ఒక ఉదయం ఆటో అన్న గోనెసంచి మూతి బిగించి పట్టుకుని కాలేజీకి వచ్చాడు. "మన రకమే ఇంకోటి మా ఊళ్ళోనే దొరికింది మేడమ్. ఈసారి చంపలేదు. విషం లేదని ఆ సార్ చెప్పినాడు గదా, చేత్తోనే పట్టినాను."

సంచిని గాజుతొట్టిలోకి వంపించి చూశాను. వెన్ను మీద పెద్ద పొలుసులు, వరసగా. తొట్టి మూత బిగించాను.

"చేతులు చూపించు అన్నా."

"ఏంది మేడమ్, అట్టున్నారు?"

రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా గాటు లేదు. కట్లపాము గాటు ఒక్కోసారి కంటికి కనబడదు, అందుకే ఆస్పత్రికి తీసుకుపోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టాను. అక్కడి నుంచే పరిశోధకుడికి ఫోన్ చేశాను.

"మీ పాము ఉదయగిరి కొండది సార్. అనంతసాగరంలో కట్లతో కనబడేది కట్లపామే. ఈరోజే వచ్చి ఊళ్ళో చెప్పండి."

"మూడుసార్లు వచ్చాను కదా మేడమ్, అప్పుడే చెప్పొచ్చు కదా?"

"మీ మీద కోపంతో చెప్పలేదు సార్. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఈరోజు కట్లపామును చేత్తో పట్టింది మీరు కాదు, మా ఆటో అన్న."